చెమట వాసనకు ‘సహజమైన’ విరుగుళ్లు: ఒక విమర్శ

ఎండలు ముదిరేసరికి పత్రికలలోని గృహవైద్య శీర్షికలలోను, దుకాణాలలోని సీసాల పైచీటీల మీదను ఒక మాట పదే పదే కనిపిస్తుంది. చెమట వాసనకు సహజమైన విరుగుడు దొరికినదట! ఒకరు గంధం పూయమంటారు. ఒకరు నిమ్మచెక్క రుద్దమంటారు. మరొకరు తినే సోడా అద్దుకొమ్మంటారు. పటికను మించినది లేదని ఇంకొకరి వాదం. ఈ సలహాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపం ఒక్కటే. ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో చెప్పేవారు అరుదు. ‘సహజం’ అన్న మాటనే ప్రమాణంగా చూపి ఊరుకుంటారు.

కామారెడ్డి జిల్లాలోని గాంధారి వంటి మండల కేంద్రాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ సంగతిని పరిశీలించవచ్చును. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం వింత కాదు. 2016లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం నిజామాబాదు జిల్లాలో ఉండేది. ఆ పాత జిల్లానుండి బతుకుతెరువుకై గల్ఫు దేశాలకు పోయినవారు వేలకొలది ఉన్నారు. సెలవుమీద వచ్చేవారి పెట్టెలలో సెంటు సీసాలు ఉండడం ఆ ప్రాంతంవారందరూ ఎరిగినదే. ఒకవైపు ఈ సెంట్లు, ఇంకొకవైపు కిరాణా దుకాణంలోని పటిక, పసుపు, సోడా. ఈ రెండింటి నడుమ ఇప్పుడు ‘సహజ’ డియోడరెంట్లు వచ్చి చేరినవి. మక్కచేనిలో పగలంతా పనిచేసి వచ్చిన కూలీ గాని, కిక్కిరిసిన బస్సులో కళాశాలకు పోయే విద్యార్థిని గాని వీటిలో దేనిమీద డబ్బు పెట్టవలెను? ఇది అల్పమైన ప్రశ్న కాదు. తప్పుడు సలహా వలన డబ్బు పోవడమే కాదు, చర్మం పొక్కుతుంది. అంతకుమించి, సిగ్గుపడి మనిషి నలుగురిలోనికి రావడమే మానుకుంటాడు.

వాసన ఎక్కడ పుడుతుంది?

విరుగుడును విమర్శించేముందు అసలు దోషమేదో తెలియవలెను. మానవ శరీరంలో ఇరవై లక్షలనుండి నలభై లక్షలవరకు స్వేదగ్రంథులు ఉన్నవి. వీటిలో అత్యధిక భాగం ఎక్రైన్ గ్రంథులు. ఇవి ఒంటినిండా వ్యాపించి ఉంటవి. వీటి చెమట దాదాపు అంతా నీరే. అందులో కొద్దిపాటి ఉప్పు మాత్రం ఉంటుంది. దీనికి చెప్పుకోదగిన వాసన లేదు. ఒక గ్రాము చెమట ఆవిరి అయ్యేటప్పుడు శరీరంనుండి సుమారు 580 కాలరీల వేడిని తీసుకొనిపోతుంది. ఎండలో పనిచేసే మనిషి ప్రాణాన్ని కాపాడేది ఈ చెమటే. కావున చెమటను శత్రువుగా చూపే ప్రచారం మొదటి అడుగులోనే దారి తప్పినది.

రెండవ జాతివి అపోక్రైన్ గ్రంథులు. ఇవి ముఖ్యంగా చంకలలోను, గజ్జలలోను ఉంటవి. యౌవనం వచ్చేవరకు పనిచేయవు. చిన్నపిల్లల చెమటకు పెద్దల చెమటకున్న ఘాటు లేకపోవడానికి కారణమిదే. ఈ గ్రంథులనుండి వచ్చే ద్రవం చిక్కగా, జిడ్డుగా ఉంటుంది. 1953లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ, హర్లీ, నికల్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ ద్రవాన్ని సూక్ష్మజీవులు సోకకుండ సేకరించి చూశారు. దానికి వాసన లేదు. బాక్టీరియా చేరిన తరువాతనే దుర్గంధం పుట్టినది. తోడు పడనిదే పాలు పెరుగు కానట్లే, బాక్టీరియా లేనిదే చెమట కంపు కాదు.

తరువాతి పరిశోధనలు ఈ సంగతిని మరింత విడమరచినవి. చెమటలో వాసనలేని కొన్ని పదార్థాలు ఉన్నవి. చంకలో నివసించే కొరినిబాక్టీరియా వాటిని ఒక ఎంజైముతో తెంచి ఘాటైన ఆమ్లాలను విడుదల చేస్తుందని 2003లో స్విట్జర్లాండు పరిశోధకులు చూపారు. ఉల్లిపాయ వాసనను తలపించే గంధకపు పదార్థాలు వేరే ఉన్నవి. వాటిని పుట్టించే ఎంజైము స్టెఫిలోకాకస్ హోమినిస్ అనే బాక్టీరియాలో ఉన్నదని ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించారు. అనగా చంకవాసన ఒకే పదార్థం కాదు. ఆమ్లాల పులిసిన కంపు ఒకటి, గంధకపు కంపు మరొకటి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఏలననగా ఒకదానిని అణచే వస్తువు రెండవదానిని అణచకపోవచ్చును.

ఇంతమట్టుకు తెలిసిన తరువాత ఏ విరుగుడునైనా తూచడానికి నాలుగు ప్రశ్నలు చాలును. ఇది చెమట రాకుండ ఆపుతుందా? బాక్టీరియాను తగ్గిస్తుందా? పుట్టిన వాసనను పట్టి బంధిస్తుందా? లేక, వాసనమీద మరొక వాసనను కప్పుతుందా? ఈ నాలుగింటిలో దేనికీ చెందని వస్తువు ఎంత సహజమైనదైనను విరుగుడు కాజాలదు.

సువాసన వేరు, విరుగుడు వేరు

మొదట గంధం, వట్టివేరు, కచ్చూరాల సంగతి. వీటిని సిఫారసు చేసేవారు పూర్వగ్రంథాలను సాక్ష్యానికి పిలుస్తారు. సుగంధాలు కూర్చే విద్య మనకు పాతదే. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో స్నానాన్ని గూర్చి, విలేపనాలను గూర్చి వర్ణన ఉన్నది. ఐతే అవి భోగానికి సంబంధించిన విద్యలు. ఒంటికి పరిమళం అద్దడం వాటి లక్ష్యం. బాక్టీరియా అనే మాటనే ఎరుగని కాలపు గ్రంథాలను నేటి సీసా పైచీటీకి సాక్షిగా నిలపడం ఆ గ్రంథాలకు చేసే గౌరవం కాదు. గంధం పూత తడిని కొంత పీల్చుతుంది, పరిమళం ఇస్తుంది. రెండు గంటల పెండ్లి పందిరికి అది సరిపోవచ్చును. పగలంతా చేనిలో పనిచేసేవారికి చాలదు. గల్ఫునుండి వచ్చిన సెంటు కూడ ఈ వర్గంలోనిదే. దానిలోని ఆల్కహాలు కొంత బాక్టీరియాను చంపుతుంది, తక్కిన పని అంతా కప్పిపుచ్చడమే.

సున్నిపిండిని వేరుగా చూడవలెను. పెసరపిండి, శనగపిండి చర్మంమీది జిడ్డును పీల్చి, మురికిని, చచ్చిన పొరను రుద్దిపోస్తవి. ఇది నిజమైన ఉపకారమే. కాని ఇది స్నానపు ఉపకారం. కడిగిన కొన్ని గంటలకే బాక్టీరియా మరల పెరుగుతుంది. కావున సున్నిపిండిని సబ్బుకు బదులుగా చెప్పవచ్చును గాని, డియోడరెంటుకు బదులుగా చెప్పరాదు.

వేప, పసుపుల విషయంలో మరొక రకమైన పొరపాటు జరుగుతున్నది. వేపసారం గాజుపళ్లెంలో బాక్టీరియాను అణచినదని పరీక్షలున్నవి. అందుమీదట వేపాకు ముద్ద చంకవాసనను పోగొడుతుందని వ్రాస్తారు. గాజుపళ్లెం వేరు, చంక వేరు. పళ్లెంలో సారం చిక్కగా ఉంటుంది, గంటల తరబడి బాక్టీరియాను తాకి ఉంటుంది. చంకలో చెమట దానిని కడిగివేస్తుంది. పసుపులోని కర్కుమిన్ నీటిలో సరిగా కరుగదు. ముందు కరిగి చేరేది బట్టమీది పచ్చమరకలోనికే. కొబ్బరినూనెలో సుమారు సగం ఉండే లారిక్ ఆమ్లానికి బాక్టీరియాను అణచే గుణం కొంత ఉన్నది. ఐనను నూనెలో అది స్వేచ్ఛగా ఉండదు, కొవ్వు అణువులో బంధింపబడి ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండ ప్రయోగశాలలోని గుణాన్ని వంటింటి సీసాకు అంటగట్టడం సరి కాదు.

నిమ్మ, సోడా: పనిచేసి హాని చేసేవి

నిమ్మరసం నిజంగా పనిచేసే వస్తువే. అది మిక్కిలి పుల్లనిది, చంకలోని బాక్టీరియాకు అంత ఆమ్లం గిట్టదు. ఆమ్లంతో వాసనను అణచే సూత్రంమీదనే గ్లైకాలిక్, మాండెలిక్ ఆమ్లాలతో కొన్ని లేపనాలు తయారవుతున్నవి. ఐతే ఆ లేపనాలలో ఆమ్లం పాలు కొలిచి కలుపుతారు. నిమ్మచెక్కకు కొలత లేదు. అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. నిమ్మతొక్కలోను, రసంలోను ఉండే ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలు చర్మంమీద ఉండగా ఎండ సోకితే చర్మం కాలినట్లు పొక్కి, నల్లని మచ్చలు పడతవి. చేయి లేని జాకెట్టుతోనో, బనీనుతోనో ఎండలో పనిచేసేవారికి నిమ్మచెక్కను సలహా చెప్పడం బాధ్యతలేని పని.

తినే సోడా క్షారం. చంకలోని ఆమ్లాలను అది తటస్థం చేసి, గాలిలోనికి ఎగరని లవణాలుగా మార్చుతుంది. కావున పులిసిన కంపు తగ్గుతుంది. గంధకపు కంపుమీద దాని ప్రభావం స్వల్పం. సోడా వాడిన ఒకరు భేషన్నప్పుడు మరొకరు పెదవి విరచడానికి ఇది ఒక కారణం కావచ్చును. ఇక చర్మం సంగతి. ఆరోగ్యమైన చర్మం కొంచెం ఆమ్లస్వభావం కలది, దాని పి.హెచ్. సుమారు 5. సోడా ద్రావణానిది 8 పైచిలుకు. ప్రతిదినం పూస్తే కొందరికి మంట, ఎరుపు, పొట్టు లేవడం కలుగుతవి. ఆ మంటను ‘విషాలు బయటికి పోతున్నవి’ అని సమాధానం చెప్పే అమ్మకందారులు ఉన్నారు. ఇది నిలువునా అసత్యం. శరీరంలోని వ్యర్థాలను వేరుపరచే పని కాలేయానిది, మూత్రపిండాలది. చంకకు ఆ పని లేదు. మంట పుట్టినదంటే చర్మం దెబ్బతిన్నదని మాత్రమే అర్థం.

పటికలోని చమత్కారం

ఇంటి వస్తువులలో పరీక్షకు మెరుగుగా నిలిచేది పటిక. ఫిట్కరి అని కూడ పిలుస్తారు. బురదనీటిని తేర్చడానికి, క్షవరం తరువాత గాట్లకు రాయడానికి ఇది తెలుగునాట ఎంతో కాలంగా వాడుకలో ఉన్నది. తడిపి చంకకు రాచినప్పుడు పల్చని పొరగా నిలిచి, ఆ చోటును ఆమ్లంగా మార్చి, చర్మాన్ని కొంత బిగువుపరచి, బాక్టీరియాను అణచుతుంది. ధర కూడ స్వల్పం. రంగు అంటదు.

ఐతే పటికను కొనిపించే వాదంలో ఒక వింత ఉన్నది. ‘కంపెనీ డియోడరెంట్లలో అల్యూమినియం ఉన్నది, అది ప్రమాదం, కావున సహజమైన పటికను వాడండి’ అంటారు. పటిక అంటే ఏమిటి? పొటాసియం, అల్యూమినియం, సల్ఫేటు, నీరు కలిసిన లవణం. 474 భాగాల పటికలో 27 భాగాలు అల్యూమినియమే! దీనికి కొందరు మరొక సమాధానం చెబుతారు. పటిక అణువు పెద్దదట, అందుచేత చర్మంలోనికి పోదట. రసాయనశాస్త్రం మొదటి పాఠాలు చదివిన విద్యార్థి కూడ దీనిని ఒప్పుకొనడు. నీటిలో కరిగిన వెంటనే పటిక అయానులుగా విడిపోతుంది. తడి చంకలో ఉండేది పెద్ద అణువు కాదు, అల్యూమినియం అయానే.

మరి అల్యూమినియం భయంలో నిజమెంత? చెమటను ఆపే మందులలోని అల్యూమినియం లవణాలు స్వేదనాళం మొనలో జిగురువంటి బిరడాగా ఏర్పడి చెమటను తగ్గిస్తవి. వీటివలన రొమ్ము క్యాన్సరు వస్తుందన్న ప్రచారం ఉన్నది. 2002లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక అధ్యయనంలో క్యాన్సరు సోకిన 813 మంది స్త్రీలను, సోకని 793 మందిని పోల్చి చూడగా వీటి వాడకానికి, వ్యాధికి సంబంధం కనిపించలేదు. 2020లో ఐరోపా సమాజపు శాస్త్రీయ సంఘం కూడ నిర్ణీత పరిమాణాలలో వీటి వాడకం సురక్షితమని అభిప్రాయపడినది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి వాడవలెను. ఈ హెచ్చరిక కంపెనీ లేపనానికి ఎంతో పటికకూ అంతే. కావున పటికను దాని గుణంకొరకు కొనవచ్చును. అల్యూమినియం భయంతో కొనేవారు తమను తాము మోసగించుకుంటున్నారు.

జింకు, ఆముదం

‘సహజం’ అన్న ముద్ర లేకనే మంచి పనిచేసే వస్తువు జింకు ఆక్సైడు. 1888లో ఫిలడెల్ఫియాలో అమ్మకానికి వచ్చిన ‘మమ్’ అనే పాతకాలపు డియోడరెంటు జింకు సమ్మేళనంతో చేసినదే. ఉత్త లేపనంతో పోల్చి చేసిన పరీక్షలో జింకు ఆక్సైడు చంకలోని కొరినిబాక్టీరియాను, స్టెఫిలోకాకస్‌ను తగ్గించినట్లు, వాసన కూడ తగ్గినట్లు కనుగొన్నారు. మందుల దుకాణంలో దొరికే కలమైన్ లోషనులోని ముఖ్య పదార్థం ఇదే.

ఆముదంనుండి పుట్టిన మరొక పదార్థం జింకు రిసినోలియేటు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో అత్యధిక భాగం రిసినోలిక్ ఆమ్లం. దానిని జింకుతో కలిపినప్పుడు ఏర్పడే ఈ లవణం చెమటను ఆపదు. పుట్టిన వాసన అణువులను పట్టి బంధిస్తుంది. ఇట్లని ఉత్త ఆముదం పూసుకొంటే ఈ ఫలితం రాదు. తెలంగాణ చేలలో పండే గింజనుండి వచ్చినదైనను, కర్మాగారంలో రసాయనచర్య జరిగితేనే అది విరుగుడు అవుతుంది. ఇది సహజమా, కృత్రిమమా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడం వ్యర్థం. సౌందర్య సాధనాల విషయమై 2020లో భారత ప్రభుత్వం చేసిన నియమాలు కొనేవారిని తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించినవి. కాని ‘సహజం’ అన్న మాటకు వాటిలో నిర్వచనం లేదు. కొలత లేని మాటతో అమ్మేవారికి ఎప్పుడూ లాభమే. పైచీటీ ముందువైపున ఉన్న ఆకు బొమ్మనుగాక, వెనుకవైపున చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పట్టికను చదవడం అలవరచుకొనవలెను.

‘నాకు పనిచేసినది’ అన్న సాక్ష్యం

ఈ విరుగుళ్లన్నిటికీ వాడినవారి మెప్పులే పెట్టుబడి. ఆ మెప్పులు ఎంత బలహీనమైనవో ఒక అధ్యయనం చక్కగా చూపినది. ఏ.బి.సి.సి.11 అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవారికి చంకవాసన దాదాపు పుట్టదు. చైనా, జపాను, కొరియాలలో ఇట్టివారు ఎక్కువ. 2013లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పరిశోధకులు 6,495 మంది స్త్రీల వివరాలు పరిశీలించగా సుమారు 2 శాతం ఈ రకంవారని తేలినది. ఆశ్చర్యమేమన, వాసన పుట్టని వీరిలో కూడ నాలుగింట మూడువంతులకుపైగా డియోడరెంటు వాడుతున్నారు! వారిలో ఎవరైనా బూడిద పూసుకొన్నా అది అద్భుతంగా పనిచేసినదనే చెప్పగలరు. ఇది వారి అబద్ధం కాదు. పోల్చి చూడకపోవడంలోని దోషం.

సరియైన పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. మనిషికి రెండు చంకలుండడమే పెద్ద సౌకర్యం. పరిశ్రమలలో శిక్షణ పొందిన పరీక్షకులు కూడ కుడి ఎడమలను పోల్చియే మార్కులు వేస్తారు. సబ్బుతో కడిగి ఆరబెట్టుకొన్న తరువాత ఒక చంకకు పటిక, రెండవదానికి ఏమీ లేకుండ వారం రోజులు గడపవలెను. మరుసటి వారం వైపులు మార్చవలెను. సాయంకాలం బనీను కుడివైపును, ఎడమవైపును ఇంకొకరు వాసన చూసి చెప్పవలెను. ఏ వైపున ఏది పూశారో వారికి తెలియరాదు. తన వాసనకు తన ముక్కు అలవాటుపడి ఉంటుంది గనుక స్వయంగా తీర్పు చెప్పుకొనడం పనికిరాదు. గాంధారిలో గాని, మరొక ఊరిలో గాని ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఇండ్లలో చేయగల పరీక్ష ఇది. ఇందులో శాస్త్రీయ పద్ధతి అంతా ఇమిడి ఉన్నది.

బట్టను మరచిన సలహాలు

సహజ విరుగుళ్ల ప్రచారంలోని అతిపెద్ద లోపం ఏమనగా, అది చర్మంమీదనే దృష్టి నిలిపి బట్టను మరచినది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మంది వ్యాయామం చేసి విప్పిన చొక్కాలను పరీక్షించారు. నూలు చొక్కాలకన్న పాలిస్టరు చొక్కాలకు కంపు అధికంగా ఉన్నట్లు తేలినది. మైక్రోకాకస్ అనే బాక్టీరియా కృత్రిమ వస్త్రంమీద బాగుగా పెరిగినది. చవుకగా దొరికి, త్వరగా ఆరుతుందని నేడు పల్లెలలో పాలిస్టరే ఎక్కువగా ధరిస్తున్నారు. నిన్నటి చొక్కాను ఉతకకుండ తొడిగినవారికి ఏ పటికా ఏ గంధమూ రక్షణ ఇవ్వదు. నూలు బనీను, దినదినం ఉతుకు, ఎండలో ఆరబెట్టడం, చంకలోని వెంట్రుకలను కత్తిరించి సబ్బుతో కడగడం అనే ఈ నాలుగింటికీ పైచీటీ లేదు. అందుచేతనే వీటికి ప్రచారమూ లేదు.

ఉన్నట్టుండి వాసన మారినా, కడిగినా పోని చేపకంపు వచ్చినా, రాత్రులు పక్క తడిసేటట్లు చెమట పట్టినా అది విరుగుళ్లతో ఊరుకొనవలసిన సంగతి కాదు. చేపకంపు వెనుక ట్రైమిథైలమైనూరియా అనే జన్యులోపం ఉండవచ్చును. రాత్రిచెమట క్షయవంటి జబ్బుకు సూచన కావచ్చును. ఇట్టివారు సిగ్గుపడి దాచుకొనక ఆరోగ్యకేంద్రానికి పోవలెను.

మొత్తంమీద తీర్పు ఇది. కడగడం, బట్ట మార్చడం మొదటి విరుగుడు. దానిమీద ఏదైనా కావలెనన్నవారికి పటిక చవుకైనది, పనికివచ్చేది. అది చాలనివారికి జింకు లేపనం మంచిది. చెమటే మితిమీరినప్పుడు వైద్యుడు చెప్పే అల్యూమినియం లవణాలున్నవి. సోడాను, నిమ్మను చర్మానికి దూరంగా ఉంచడం మేలు. గంధం, వట్టివేరు సంతోషానికి. చేనిలో చెమటోడ్చినవాని ఒంటివాసన కష్టానికి గుర్తే గాని నేరం కాదు. ఆ వాసనను తగ్గించుకొనే ఉపాయం చెప్పేవారు, ముందు దానిని చూపి అతనిని సిగ్గుపరచి తరువాత సీసా అమ్మజూపే పద్ధతిని మానవలెను.